పెండ్లి చట్టం లేదు సరే.. మరి ఏ హక్కులున్నయి?

ఇద్దరు ఆడోళ్లో, ఇద్దరు మొగోళ్లో జంటగ బతికితే నేరమని ఎవ్వలన్నా బెదిరిస్తే నమ్మకుండ్రి. మేజర్లు ఇష్టంతోని కలిసుంటే 377 సెక్షన్ వర్తించదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6నాడే చెప్పింది.

నేరం కాదు సరే, కుటుంబమేనా? ఈ ప్రశ్నతోనే హైదరాబాద్ జంట సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ 2022ల సుప్రీంకోర్టుకు పోయిన్రు. 2023 అక్టోబర్ 17న తీర్పొచ్చింది. పెండ్లి ప్రాథమిక హక్కు కాదని, చట్టం చేసుడు పార్లమెంటు పనని ఐదుగురు జడ్జిలూ అన్నరు. జంటగ దత్తత తీసుకునే హక్కు కూడా 3-2తోని పోయింది. 2025 జనవరిల రివ్యూ పిటిషన్లనూ కొట్టేసిన్రు.

అయినా చేతిల ఏమీ లేదనుకోవద్దు. 2024 ఏప్రిల్‌ల కేంద్రం కేబినెట్ సెక్రటరీ అధ్యక్షతన కమిటీ ఏసింది. అదే ఏడాది కొన్ని ఉత్తర్వులొచ్చినయి.

రేషన్: జంటను ఒకే ఇంటోళ్లుగ చూడాలె.

బ్యాంకు: జాయింట్ ఖాతా తెరవొచ్చు, తోడును నామినీగ పెట్టొచ్చు.

దవాఖాన: దగ్గరి బంధువులు లేకపోతే శవాన్ని తోడుకు అప్పజెప్పొచ్చు.

ఇంట్లోళ్లు బలవంతంగ గుంజుకపోతే హైకోర్టుల హెబియస్ కార్పస్ ఏయొచ్చు. 2024 డిసెంబర్‌ల ఆంధ్రప్రదేశ్ హైకోర్టు గిట్లాంటి కేసులనే, తండ్రి దగ్గరున్న యువతికి తన తోడుతోని ఉండే స్వేచ్ఛ ఉన్నదని తేల్చింది. 2025 మేల మద్రాస్ హైకోర్టు ఇంకో మాటన్నది: కుటుంబం కట్టుకునేటందుకు పెండ్లి ఒక్కటే తొవ్వ కాదు.

అసలు చిక్కు ఆస్తి కాడ ఉన్నది. వీలునామా లేకుంట ఒకరు సచ్చిపోతే, ఇరవై ఏండ్లు కలిసి బతికినా తోడు వారసుల లెక్కలకు రాదు. ఇల్లు రక్త సంబంధీకులకు పోతది. బ్యాంకుల నామినీ ఉంటే సరిపోతదనుకునేరు. నామినీ పైసలు తీసుకునేటోడే గని, వారసుడు కాడు. అందుకే ఇద్దరు సాక్షుల సంతకాలతోని వీలునామా రాసుకోవాలె. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గని, చేయిస్తే తకరారు తక్కువుంటది.

ఫ్యామిలీ పెన్షన్, తోడు ఆపరేషన్‌కు సంతకం పెట్టే హక్కు, భరణం – ఇవన్నీ మొగుడు పెండ్లాలకు అడగకుంటనే దొరుకుతయి. ఈ జంటలకు అడిగినా దొరుకుతలేవు. ఉత్తర్వును రేపొచ్చే సర్కారు ఒక్క కాగితంతోని రద్దు చెయ్యొచ్చు. చట్టమైతే పార్లమెంటుల చర్చ కావాలె. అందుకే కాగితాలు ఇయ్యాల్నే రాసుకోండ్రి, చట్టం కోసం కొట్లాట మాత్రం ఆపకుండ్రి.