శిశువస్తువులలో విషద్రవ్యముల నివారణము: చరిత్ర

శిశువు నోట పెట్టుకొను బొమ్మ, కంటికి దిద్దు కాటుక, ఒంటికి రాచు నూనె, చల్లు పొడి, త్రాగు పాలసీసా మొదలగువానియందు చేరు సీసము, పాదరసము, ఆర్సెనిక్ వంటి ఖనిజవిషములను, నవీన కృత్రిమ రసాయనములను గుర్తించి తొలగించుటకు జరిగిన ప్రయత్నముల చరిత్ర యిది. కడుపులోనికి పోయిన సీసమును పసిబిడ్డ శరీరము పెద్దల శరీరముకన్న నాలుగైదు రెట్లు అధికముగా గ్రహించును. చేత చిక్కినదెల్ల నోట పెట్టుకొనుట శైశవమునకు సహజము. ఈ రెండు హేతువులవలన పెద్దలకు అల్పమైన దోషము శిశువులకు మహాపకారమగుచున్నది.

ఈ చరిత్రలో ఉదాహరణముగా ప్రస్తావింపబడు ఆష్టి మహారాష్ట్రమున గడ్‌చిరోలి జిల్లా చామోర్శి తాలూకాలో వైనగంగా నదీతీరమున కలదు. అచటికి దిగువనే వైనగంగ వార్ధానదితో కలిసి ప్రాణహితయై, సిరొంచవద్ద గోదావరిని చేరును. ఆష్టి నుండి ఆలాపల్లి మీదుగా సిరొంచకు పోవు మార్గమున తెలుగు మాటాడు కుటుంబములు పెక్కు గలవు. ఈ సీమ మహారాష్ట్రాధికారుల పాలనలో ఉండగా, ప్రాణహిత ఆవలియొడ్డున తెలంగాణ అధికారుల పాలన సాగుచున్నది. బాలవస్తువులకు సంబంధించిన ముఖ్యశాసనములు కేంద్ర ప్రభుత్వమువి యగుటచే ఉభయతీరములకు నియమమొక్కటే.

ప్రాచీనకాలము

చరకసంహిత శారీరస్థానమున శిశువునకీయదగిన ఆటవస్తువుల లక్షణములు చెప్పబడినవి. అవి చిత్రవర్ణములై, శబ్దము చేయునవై, తేలికయై యుండవలెను. వాడిమొనలు గలవియు, నోటిలోనికి దూరిపోవునవియు, ప్రాణహాని గలిగించునవియు, భయపెట్టునవియు కారాదు. నేటి ప్రమాణగ్రంథములలోని ప్రధాన నియమములలో కొన్ని బీజరూపమున ఇచట గోచరించుట మెచ్చదగినది. 

గృహాచారములు

తెలుగిండ్లలో తల్లియో, అమ్మమ్మయో కాళ్లు చాపుకొని బిడ్డను వానిమీద పండుకొనబెట్టి, నూనెరాచి, సున్నిపిండితో నలచి, వేడినీళ్లు పోసి, సాంబ్రాణి పొగ వేయుట ఆచారము. సున్నిపిండి నిరపాయకరము, పొగమాత్రము లేత ఊపిరితిత్తులకు మంచిది కాదని నేటి వైద్యులు వారించుచున్నారు. కాటుకకై ఆముదపు దీపముపై గంధము పూసిన ఇత్తడిపళ్లెమును బోర్లించి, పట్టిన మసిని గీకి, ఆముదముతోగాని వెన్నతోగాని మెదుపుదురు. ఇందు సీసము లేదు. అంగడిలో దొరకు సుర్మాలలో కొన్ని సీసగంధకిదమను ఖనిజమును నూరిన పొడులే. చూపునకు రెండును నల్లగనే యుండును.

ఇంటివైద్యమంతయు నిర్దోషమని చెప్పుటకు వీలులేదు. మాటలు త్వరగా వచ్చునని పాలలో అరగదీసి నాకించు వసకొమ్ములో బీటా-అసరోన్ అను ద్రవ్యము కలదు. ఎలుకలపై జరిపిన ప్రయోగములలో దాని దుష్ఫలితములు బయటపడగా, అమెరికా ప్రభుత్వము 1968లో వసను ఆహారపదార్థములలో వాడరాదని నిషేధించినది. బొంబాయి మిల్లులకు కూలికి పోవు స్త్రీలు బిడ్డలు నిద్రపోవుటకై నల్లమందు చేర్చిన బాలగోలీలను మ్రింగించుట ఇరువదవ శతాబ్ది తొలిపాదమున సంస్కర్తలను కలవరపరచెను. ఆంగ్లదేశమందలి కార్మికుల ఇండ్లలోను నల్లమందు ద్రావకములు ఇట్లే చెల్లుచుండెను.

పాశ్చాత్య, ప్రాచ్య దేశముల అనుభవము

1904లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌యందు నేత్రవైద్యుడు లాక్‌హార్ట్ గిబ్సన్ బాలురకు కలుగు సీసవిషమునకు వరండా కటకటాల రంగు పెళ్లలే మూలమని తేల్చెను. పండ్లు వచ్చు శిశువులకిచ్చు పొడులలోని పాదరసము చేతులు కాళ్లు ఎఱ్ఱవారు వ్యాధికి హేతువని 1940ల చివర తెలియగా, 1954 ప్రాంతమున బ్రిటనులో వాని విక్రయమాగి, ఆ వ్యాధియు క్రమముగా అంతరించెను. 1955లో జపానున మొరినాగా పాలపొడిలో మలినమైన రసాయనముద్వారా ఆర్సెనిక్ చేరి నూరుమందికి పైగా శిశువులు మరణించిరి. 1972లో ఫ్రాన్సున ఒక బాలచూర్ణమున హెక్సాక్లోరోఫీన్ పొరపాటున మితిమీరి కలియగా 36 మంది శిశువులు అసువులు బాసిరి. 2008లో చీనాదేశమున పాలపొడిలో మెలమిన్ కలుపుటవలన దాదాపు మూడులక్షల శిశువులు రోగగ్రస్తులై, ఆరుగురు మృతిచెందిరి; భారతదేశము చీనా పాలపదార్థముల దిగుమతిని వెంటనే నిషేధించెను.

లక్కబొమ్మలు, రంగులు

తెలుగుదేశమున ఈ విషయమై విశేషముగా చెప్పదగినది ఏటికొప్పాక శిల్పుల చరిత్ర. వరాహానదీతీరమందలి ఈ గ్రామము ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో నున్నది. ఇచటి శిల్పులు మెత్తని అంకుడుకఱ్ఱను తరిణెపై నునుపుగా చెక్కి, తిరుగుచున్న ఆ కఱ్ఱకు రంగు కలిపిన లక్కకడ్డీని అదిమి పట్టుదురు. రాపిడివలన పుట్టు వేడికి లక్క కరగి కఱ్ఱను చుట్టుకొనును. పిదప మొగలి ఆకుతో అదిమి రుద్దగా మెఱుగు తేలును. బాలికలు బువ్వలాటలాడుకొను లక్కపిడతలును, గిలకలును, బొంగరములును ఇట్లే సిద్ధమగును.

లక్క యనునది కీటకజన్యమైన సహజద్రవ్యము. మోదుగ, కుసుమ, రేగు చెట్లకొమ్మలపై లక్కపురుగులు దీనిని స్రవించును. గడ్‌చిరోలి అడవులలో మోదుగ విస్తారముగా నుండుటచే ఆష్టి, సిరొంచ సీమలవారికి లక్క క్రొత్తవస్తువు కాదు. శుద్ధిచేసిన లక్కను మందుబిళ్లలకు పూతగా సైతము వాడుదురు. కావున లక్కబొమ్మయందు దోషమున్నచో అది లక్కలో కలిపిన రంగునుండియే రావలెను.

పూర్వపు రంగులన్నియు ఆకులు పువ్వులనుండియే వచ్చినవను నమ్మకము సరికాదు. చిత్రకారులు వాడిన సిందూరము సీసభస్మము, ఇంగిలీకము పాదరసగంధకిదము, హరితాళము ఆర్సెనిక్ గంధకిదము. ప్రాణహిత ఆవలనున్న పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోని నిర్మల్ శిల్పులు పొణికికఱ్ఱ బొమ్మలకు మొదట చెట్లనుండి, ఖనిజములనుండి తీసిన వర్ణములు పూయుచు, పిమ్మట కర్మాగారములలో తయారైన రంగులకు మరలిరి. ఏటికొప్పాకలోను కృత్రిమవర్ణములు ప్రవేశించెను.

ఈ దశలో ఆ గ్రామవాసియగు సి. వి. రాజు చేసిన కృషి శ్లాఘనీయము. 1990ల నుండి ఆయన శిల్పులతో కూడి పసుపు, నీలి, జాఫ్రాగింజలు, మంజిష్ఠ మొదలగువానినుండి తీసిన రంగులను వేడిలక్కలో చెదరక నిలుచునట్లు ప్రయోగములు చేసి, ఆ పద్ధతిని గ్రామమున వ్యాపింపజేసెను. 2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించెను. 2023లో రాజు పద్మశ్రీ నందెను. దేశమున బొమ్మల రంగులకు పరీక్ష తప్పనిసరి కాకమునుపే, ఒక చిన్నగ్రామమున వృత్తిదారులు తమంతట తాము ఈ మార్పునకు పూనుకొనుట విశేషము.

భారతీయ శాసనములు

1940 నాటి ఔషధశాసనము 1962 సవరణతో సౌందర్యద్రవ్యములకును వర్తించెను. వర్ణమునకై సీస, ఆర్సెనిక్ సమ్మేళనములను చేర్చుట నిషిద్ధమయ్యెను. 1992 శాసనము పాలపొడుల, పాలసీసాల ప్రచారమును అరికట్టి, సీసాలకు ప్రమాణముద్రను విధించెను. బిస్‌ఫినాల్-ఎ అను రసాయనముతో తయారగు పాలికార్బొనేటుతో పాలసీసాలు చేయుటను 2015 నాటి ప్రమాణము తొలగించెను. ఇంటి రంగులలో సీసము పదిలక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదను 2016 నాటి నియమము 2017 నవంబరు నుండి అమలయ్యెను.

2021 జనవరి 1 నుండి బొమ్మలకు ప్రమాణముద్ర అనివార్యమయ్యెను. ఈ పరీక్షలో బొమ్మ పూతను గీకి, జఠరరసమును పోలు పలుచని హైడ్రోక్లోరికామ్లములో, శరీరోష్ణమైన 37 డిగ్రీల వేడిమిలో రెండుగంటలుంచి, సీసము, పాదరసము, కాడ్మియము మొదలగు ఎనిమిది మూలకములు ఎంతెంత కరగి వచ్చినవో కొలుతురు. పూతలో విషమెంత యున్నదనుటకన్న, బిడ్డ మ్రింగినచో కడుపులో ఎంత వెలువడుననుటయే ఇచట ప్రశ్న.

మహారాష్ట్రమున ఆహార, ఔషధ పరిపాలనశాఖ జాన్సన్ అండ్ జాన్సన్ బాలచూర్ణపు నమూనాలలో ఆమ్ల-క్షారస్థితి ప్రమాణమునకు మించియున్నదని 2022 సెప్టెంబరులో ములుండ్ కర్మాగారపు అనుమతిని రద్దుచేసెను; బొంబాయి ఉన్నతన్యాయస్థానము 2023 జనవరిలో ఆ ఉత్తర్వును కొట్టివేసెను. అంతకుముందే, 2022 ఆగస్టులో, ఆ సంస్థ టాల్కు చూర్ణమును 2023లో ప్రపంచమంతట మానుకొని మొక్కజొన్నపిండికి మారుదునని ప్రకటించియుండెను.

నేటి స్థితి

ఆష్టి వంటి ఊళ్ల దుకాణములలో ముద్రగల బొమ్మలు, ముద్రలేని చవుకబొమ్మలు ప్రక్కప్రక్కనే అమ్ముడుపోవుచున్నవి. నమోదైన హస్తశిల్పులు చేసి అమ్ము బొమ్మలకును, భౌగోళిక గుర్తింపుగల బొమ్మలకును 2021లో అమలైన నియమమునుండి మినహాయింపు కలదు. పేదశిల్పులకు పరీక్షావ్యయము తప్పుటచే ఇది న్యాయమే. కాని అట్టి బొమ్మపై ముద్ర లేకపోవుట దోషమునకును గుర్తుకాదు, శుద్ధికిని గుర్తుకాదు. కావున కొనువారు బొమ్మ ఏ ఊరిదని మాత్రమే కాక, దాని లక్కలో కలిపిన రంగేదో కూడ అడుగవలసియున్నది.