మాట వెనుక కథ: ‘ఈక్వల్స్’

రెండు సమాంతర గీతలను సమానతకు గుర్తుగా 1557లో అచ్చులోకి తెచ్చినవాడు వేల్స్ గణితజ్ఞుడు రాబర్ట్ రికార్డ్. ఇంతకంటే సమానమైన జంట మరొకటి ఉండదన్నది ఆయన వాదన. 1957లో వచ్చిన ఫోర్ట్రాన్ ఆ గుర్తును వేరియబుల్‌కు విలువ ఇచ్చే పనికి వాడుకుంది. సీ భాష కూడా అదే పద్ధతి పట్టడంతో, పోలికకు == అని రెండుసార్లు రాయాల్సి వచ్చింది. ఆబ్జెక్టులు వచ్చాక ఆ గుర్తు మీద రెండు ప్రశ్నలు పడ్డాయి: ఇవి రెండూ ఒకే వస్తువా, లేక విలువలో ఒకటేనా?

సీ షార్ప్‌లో స్ట్రింగ్ తరగతి ==ను ఓవర్‌లోడ్ చేసి రెండో అర్థం ఇచ్చింది. కానీ విడివిడిగా తయారైన రెండు ‘అమ్మ’ స్ట్రింగులను ఐకంపేరబుల్ ఇంటర్‌ఫేస్ రకం వేరియబుల్స్‌లో పెట్టి == వేస్తే ‘కాదు’ అంటుంది; ఈక్వల్స్ మెథడ్‌ను పిలిస్తే ‘అవును’ అంటుంది. ఆపరేటర్‌ను కంపైలర్ ముందే, పైకి కనిపించే రకాన్ని బట్టి ఎంచుకుంటుంది. మెథడ్ మాత్రం ప్రోగ్రాం నడిచేటప్పుడు, లోపలున్న అసలు ఆబ్జెక్టును బట్టి తేలుతుంది.

==ను కూడా అలాగే తేల్చవచ్చు కదా అనవచ్చు. అటూ ఇటూ వేర్వేరు తరగతులుంటే ఎవరి నియమం చెల్లాలి? కోట్లిన్ ఎడమవైపు ఆబ్జెక్టుకే ఆ పెత్తనం ఇచ్చి, ‘ఒకే వస్తువా’ అన్న ప్రశ్నకు === కేటాయించింది. రెండు ప్రశ్నలకు రెండు గుర్తులు ఇవ్వడమే సబబు. ఆ సౌకర్యం లేని చోట, ఇంటర్‌ఫేస్ వెనుక విలువలను పోల్చాలంటే ఈక్వల్స్‌నే పిలవాలి.