ఫెదోర్ ఎమెలియానెంకో: ఒక పహిల్వాన్ దాస్తాన్

కుస్తీలో చిత్ అయితే ఖతం. వీపు మట్టికి తాకిందంటే ఫైసలా అయిపోయినట్టే. దంగల్‌లు చూస్తూ పెరిగిన నాకు మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ మొదట్లో బొత్తిగా అర్థం కాలేదు. అక్కడ వెల్లకిలా పడుకున్నవాడే పైవాడి నడుముని కాళ్లతో బిగించి, చెయ్యో మెడో చిక్కించుకుని ఓడించేస్తాడు. దాన్ని గార్డ్ అంటారు. బ్రెజిల్ జియు-జిట్సు ఉస్తాదుల హునర్ అది.

ఫెదోర్ 1976లో సోవియట్ యుక్రెయిన్‌లో పుట్టి, రష్యాలోని స్టారీ ఓస్కోల్‌లో పెరిగాడు. తల్లి టీచర్, తండ్రి వెల్డర్. సాంబో, జూడో నేర్చి 2000లో ఈ మైదానంలోకి దిగాడు. చూస్తే పహిల్వాన్ అనిపించడు. కాస్త పొట్ట, నిద్రమొహం, ఎప్పుడూ ఖామోష్. రింగ్‌లోకి కూడా పొద్దున్నే దుకాణం తెరవడానికి పోతున్నట్టు నడిచొచ్చేవాడు. అదే ఏడు డిసెంబర్‌లో జపాన్‌లో 17 సెకన్లకే ఓడాడు. నిజానికి అదేం శికస్త్? మోచేతి దెబ్బకు నుదురు చీలి నెత్తురు కారింది, ఆట ఆపేశారు. అంతే. ఆ తర్వాత దాదాపు పదేళ్లు అతన్ని ఓడించినవాడు లేడు.

2003 మార్చి 16న యొకొహామాలో ప్రైడ్ హెవీవెయిట్ చాంపియన్ నొగెయిరాతో తలపడ్డాడు. నొగెయిరా గార్డ్ అంటే అందరికీ ఖౌఫ్. తనకన్నా ఎంతో బరువున్న బాబ్ సాప్‌ను కూడా ఓడించిన మనిషి. అక్లున్నవాడెవడైనా దూరంగా నిలబడి కొడతాడు. ఫెదోర్ మాత్రం నేరుగా ఆ కాళ్ల మధ్యలోకే దూరి, పై నుంచి పిడిగుద్దులు గుద్దాడు. ఇరవై నిమిషాలు! జడ్జీలంతా అతన్నే గెలిపించారు. మరుసటేడు రాండల్‌మన్ అతన్ని ఎత్తి, మెడ విరిగిందేమో అనిపించేలా తలకిందులుగా కుదేశాడు. చూసేవాళ్ల ప్రాణం గొంతులోకొచ్చింది. మొత్తం 93 సెకన్లలో ఆ రాండల్‌మనే చెయ్యి మెలిపడి ఓటమి ఒప్పుకున్నాడు. 2005లో క్రోకాప్ కూడా అయ్యాడు.

ఇక 2010 జూన్ 26, కాలిఫోర్నియాలోని శాన్ హోజే. ఎదుట వెర్డూమ్, అతనూ జియు-జిట్సు ఉస్తాదే. ఫెదోర్ గుద్దులకు వెల్లకిలా పడ్డాడు. నొగెయిరా మీదికి వెళ్లినట్టే ఫెదోర్ అతని మీదికీ వెళ్లాడు. కాళ్లు మెడకు చుట్టుకున్నాయి, చెయ్యి చిక్కింది. 69 సెకన్లకే ఖేల్ ఖతం.

గురూర్ నెత్తికెక్కిందని చాలామంది అన్నారు. నేనలా అనలేను. ఏ హిమ్మత్‌తో 2003లో తాజ్ గెలిచాడో, 2010లో దాంతోనే పోగొట్టుకున్నాడు. ఒకటి షాన్, ఒకటి గలతీ అని ఎలా విడదీస్తాం? లేచిరా అని రెఫరీ చేత పిలిపించి, నిలబడి ఆడి ఉంటే గెలిచేవాడేమో. కానీ అలా ఆగేవాడైతే నొగెయిరా ముందూ ఆగేవాడు కదా!

తర్వాత మరో రెండు వరస ఓటములు. 2012లో రిటైరై, 2015 ఆఖరి రోజున మళ్లీ వచ్చి మన దేశపు కిక్‌బాక్సర్ జైదీప్ సింగ్‌ని ఓడించాడు. 2019లో రయన్ బేడర్ చేతిలో 35 సెకన్లు. ఆ మ్యాచ్ నేను రెండోసారి చూడలేదు. ఆఖరికి 2023 ఫిబ్రవరిలో, 46 ఏళ్ల వయసులో, మళ్లీ ఆ బేడర్ చేతిలోనే మొదటి రౌండ్‌లో ఓడి, గ్లోవ్స్ విప్పి కేజ్‌లో పెట్టేశాడు. అప్పుడు కూడా మొహంలో అదే ఖామోషీ.