వినియోగ సౌలభ్యం: ఓటింగ్ యంత్రం నేర్పే పాఠం

కంప్యూటర్ వ్యవస్థను ఎవరి కోసం రూపొందించారో వారు తమ పనిని కచ్చితంగా, తక్కువ శ్రమతో, తృప్తిగా పూర్తి చేయగలగడమే వినియోగ సౌలభ్యం. ఐఎస్‌ఓ 9241-11 ప్రమాణానికి ఈ మూడే ఆధారం.

ఇందుకు ఎలక్ట్రానిక్ ఓటింగ్ యంత్రం చక్కని నిదర్శనం. 1982లో కేరళలోని పరూర్ అసెంబ్లీ నియోజకవర్గంలో దీనిని తొలిసారి వినియోగించారు. నేటి యంత్రంపై అభ్యర్థి పేరు, గుర్తు, వాటి పక్కనే నీలి మీట ఉంటాయి. చదువు రానివారు గుర్తును చూసి, చూపులేనివారు బ్రెయిలీ అంకెలను తడిమి ఓటు వేయగలరు. మీట నొక్కగానే ఎర్రదీపం వెలుగుతుంది. బీప్ శబ్దం వినిపిస్తుంది. వీవీప్యాట్‌ అద్దం వెనుక చీటీ 7 సెకన్లు కనిపిస్తుంది.

అయితే ఒకసారి నమోదైన ఓటును మార్చుకునే వీలు లేదు. దిద్దుబాటుకు తావులేని చోట పొరపాటునే నివారించడం రూపకర్తల బాధ్యత.