కలకత్తా పానశాలలు

పానశాల రెండు సరుకులను అమ్ముతుంది. మొదటిది మద్యము, రెండవది కూర్చుండే చోటు. మొదటిదానిని సీసాలలో పోసి కొలువవచ్చును, దానిపై పన్ను వేయవచ్చును, నిషేధింపవచ్చును. రెండవదానికి కొలత లేదు. కనుక ప్రభుత్వముల లెక్కలలోగాని, సంస్కర్తల ఉపన్యాసములలోగాని దానికి తగిన స్థానము దొరకలేదు. కాని కలకత్తా నగరములో రెండువందల సంవత్సరములకు పైగా ఈ వ్యాపారము ఎట్లు నిలిచినదో, ఎక్కడ చెడినదో పరిశీలించినవారికి ఈ రెండవ సరుకే అసలు విషయమని తోచకమానదు.

ఈ వ్యాపారము అక్కడికి ఆంగ్లేయుల ఓడలతో వచ్చినది. 18వ శతాబ్ది ఉత్తరార్ధములో లాల్‌బజారు, దాని చుట్టుపట్ల వీధులు నావికుల పానశాలలకు పేరుపొందినవి. వాటిని 'పంచ్ హౌసు'లనేవారు. సారాయి, చక్కెర, నిమ్మరసము, నీరు, సుగంధద్రవ్యములు అను ఐదింటి కలయిక గనుక, హిందీలోని 'పాంచ్' అను మాటనుండి ఆ పానీయమునకు 'పంచ్' అను పేరు వచ్చినదని సాధారణముగా చెప్పుతారు. నెలల తరబడి సముద్రముమీద గడిపి, జీతము చేతపట్టుకొని ఒడ్డుకు దిగిన నావికునికి అక్కడ దాహము తీరేది, తన భాషలో మాటలాడే మనిషి దొరికేవాడు. తరచు తెల్లవారేసరికి జీతము కూడ చెల్లిపోయేది. అదే లాల్‌బజారులో దొరలకొరకు హార్మానిక్ టావెర్న్ వంటి పెద్ద గృహములు వేరుగా ఉండేవి. అక్కడ విందులు, నృత్యములు, సంగీత సభలు జరిగేవి. 1813లో టౌన్ హాలు పూర్తి కాకమునుపు ఐరోపీయ పౌరులు తమ సభలు జరుపుకొనుటకు ఇట్టి గృహములే ఆధారమైనవి. ధనికుని పానశాల వేరు, పేదవాని పానశాల వేరు అను విభజన ఈ విధముగా మొదటినుండియు ఉన్నది. నేడు లాల్‌బజారు అనగానే నగర పోలీసుల ప్రధాన కార్యాలయమే జ్ఞప్తికి వస్తుంది.

బీరు కూడ సముద్రము దాటియే వచ్చినది. లండనులోని హాడ్జ్‌సన్ సారాయికర్మాగారమువారి లేతరంగు బీరును కుంపిణీ ఓడల కప్తానులు కొని తెచ్చి కలకత్తాలో అమ్ముకొనేవారు. 1820ల తరువాత బర్టన్ పట్టణపు వర్తకులు ఈ లాభములో పాలుపంచుకొన్నారు. బంగాళపు వేడిమిలో దానిని చల్లబరచుటే కష్టమైన పని. 1833లో 'టస్కనీ' అను ఓడ అమెరికాలోని బోస్టన్‌నుండి నాలుగు నెలలు ప్రయాణము చేసి సెప్టెంబరులో కలకత్తా చేరినది. ఫ్రెడరిక్ ట్యూడర్ అను వర్తకుడు దానిలో పంపిన మంచుగడ్డలు సుమారు 180 టన్నులు. కరగిపోగా మిగిలినవి 100 టన్నులు. నగరములోని ఐరోపీయులు చందాలు వేసుకొని ఆ మంచును దాచుటకొక గృహము కట్టించినారు. చల్లని పానీయము కొరకు ఒక నగరము ఎంత శ్రమకైనను సిద్ధపడునని ఈ ఒక్క ఉదాహరణమే తెలుపుతుంది.

ప్రభుత్వము ఈ వ్యాపారమును చూచిన చూపు వేరు. 1790కి పూర్వము సారాబట్టీలపై పన్ను జమీందారులు వసూలు చేసుకొనేవారు. ఆ సంవత్సరములో కుంపిణీ ఆ హక్కును తన చేతిలోనికి తీసికొన్నది. అది మొదలు అబ్కారీ ఆదాయము ఖజానాకు తప్పనిసరి అయినది. బంగాళములో రెండు పద్ధతులు మార్చి మార్చి నడిచినవి. మొదటిది సదరు బట్టీ పద్ధతి: అధికారుల కాపలాలో ఒక ఆవరణలో సారాయి కాచి, కొలతనుబట్టి పన్ను చెల్లించుట. రెండవది పాట పద్ధతి: పాటలో హెచ్చు సొమ్ము కట్టినవాడు తన బట్టీలో తన ఇష్టము వచ్చినంత కాచుకొనుట. రెండవ పద్ధతిలో ప్రభుత్వమునకు శ్రమ తక్కువ. పాటదారునికి మాత్రము ఎంత ఎక్కువ అమ్మితే అంత లాభము. 1870ల చివర ఈ పద్ధతి వ్యాపించగా చౌక సారాయి పల్లెలలో పారినది. ప్రజలలో ఆందోళన పెరిగి, 1883లో విచారణ సంఘమును నియమింపవలసి వచ్చినది. 1909లో వచ్చిన బంగాళ ఎక్సైజు చట్టము, పెక్కు సవరణలతో, నేటికిని పశ్చిమ బంగాళములో అమలులో ఉన్నది.

దొరల పానశాలలలో బంగాళీ యువకునికి చోటు సులభముగా దొరకలేదు. కాని హిందూ కళాశాలలో 1826 మొదలు 1831 వరకు బోధించిన డెరోజియో శిష్యులకు, వారి తరువాతి తరమువారికి, మద్యము మూఢాచారములపై తిరుగుబాటునకు గురుతైనది. రాజనారాయణ బసు విద్యార్థిగా ఉన్న దినములలో మిత్రులతో కూడి కళాశాల చెంతనున్న గోల్‌దీఘీ చెరువుగట్టుననే త్రాగినట్లు తన ఆత్మకథలో ఒప్పుకొన్నాడు. ఆయనయే తరువాత మేదినీపురములో ప్రధానోపాధ్యాయుడై సురాపాన నివారిణీ సభను స్థాపించినాడు. 1840 ప్రాంతమున డేవిడ్ విల్సన్ నెలకొల్పిన హోటలు, తరువాతి కాలపు గ్రేట్ ఈస్టర్న్, నిషిద్ధమైన తిండికి, పానమునకు మారుపేరై బంగాళీ ప్రహసనములలోనికి ఎక్కినది. 1860లో మైకేల్ మధుసూదన దత్తు తన ప్రహసనములో ఈ క్రొత్త నాగరికతను ఎగతాళి చేసినాడు. 1866లో దీనబంధు మిత్ర 'సధవార్ ఏకాదశి'లో ఆంగ్ల కావ్యములు వల్లించుచు మద్యములో మునిగిపోయిన నీమ్‌చంద్‌ను సృష్టించినాడు. ఎగతాళి చేసిన మధుసూదనుడే 1873లో దారిద్ర్యముతో, మద్యముచే చెడిన శరీరముతో కలకత్తా ఆసుపత్రిలో కన్నుమూసినాడు. ఇట్టి దుఃఖములను కన్నులార చూచిన ప్యారీచరణ్ సర్కారు 1860ల దశకములో మద్యపాన నివారణ సంఘమును స్థాపించి ఊరూర ప్రచారము చేసినాడు. ఆయన పోరాటము న్యాయమైనది. పానశాలను పొగడదలచినవారెవ్వరును ఈ అధ్యాయమును దాటవేయరాదు.

తరువాత ఈ పోరాటము జాతీయోద్యమములో కలిసినది. గాంధీజీ పిలుపుపై 1921లోను, 1930లోను సారాకొట్లముందు పికెటింగు జరిగినది. స్వతంత్ర భారత రాజ్యాంగములోని 47వ అధికరణము మద్యనిషేధమును ప్రభుత్వముల ఆదర్శముగా నిలిపినది. ఐనను పశ్చిమ బంగాళము సంపూర్ణ నిషేధమునకు పూనుకొనలేదు. తెలుగువారి అనుభవము దీనికి భిన్నమైనది. 1954 నవంబరులో టంగుటూరి ప్రకాశము మంత్రివర్గము మద్యనిషేధపు చర్చమీదనే ఒక్క ఓటు తేడాతో పడిపోయినది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాకొట్టు మూయించగా ఆ నిప్పు రాష్ట్రమంతట ప్రాకినది. 1993లో సారాయి, 1995లో సమస్త మద్యము నిషేధింపబడినవి. 1997లో ఆ సంపూర్ణ నిషేధము సడలింపబడినది. ఆంధ్రదేశములో సారాకొట్టు పాటదారుని సొమ్ముగాను, ఇల్లాలి కన్నీరుగాను మాత్రమే కనబడినది. అక్కడ కూర్చుండే చోటు అను సరుకు ఎన్నడును సరిగా అమ్ముడుపోలేదు. కలకత్తాలో అది అమ్ముడుపోయినది. తేడా అక్కడనే ఉన్నది.

20వ శతాబ్దిలో ధనికుల పానశాల చౌరంగీకి, పార్క్ స్ట్రీటుకు మారినది. ఇటలీ దేశస్థుడు ఏంజెలో ఫిర్పో చౌరంగీలో నడిపిన భోజనశాల రెండవ ప్రపంచయుద్ధ కాలమున సైనికాధికారులతో కిటకిటలాడినది. 1943లో అదే నగరపు కాలిబాటలమీద అన్నము లేక పల్లెజనులు ప్రాణములు విడుచుచుండినారు. పార్క్ స్ట్రీటులో 1947లో ఒలింపియా వెలసినది. నగరమంతయు దానిని నేడు 'ఓలీ పబ్' అనియే పిలుచును. ట్రింకాస్, మొకాంబో, బ్లూ ఫాక్స్ వంటి శాలలలో ప్రతి రాత్రియు సంగీతము మ్రోగేది. 1969లో ఉషా ఉతుప్ ట్రింకాస్‌లో చీర కట్టుకొని పాడి పేరు తెచ్చుకొన్నది. ఆ పిమ్మట రాజకీయ కల్లోలము, విద్యుత్తు కోతలు, వినోదముపై భారీ పన్నులు కలిసి ఆ కాంతిని తగ్గించినవి. ఫిర్పో భవనము బట్టల అంగడిగా మారినది.

కాని సామాన్యులు కూర్చుండే చోటులు నిలిచినవి. మెట్రో సినిమా సమీపమున 1872 నాటి షా సోదరుల పానశాల కలదు. దానికి 'ఛోటా బ్రిస్టల్' అని పేరు. గుమాస్తాలు, దళారులు, వకీళ్లు అపరిచితులతో ఒకే బల్లపై కూర్చుండి, ముందుగా సొమ్ము చెల్లించి త్రాగుట అక్కడి ఆచారము. దీర్ఘకాలము స్త్రీలకు అక్కడ ప్రవేశము లేదు. వెల్లెస్లీ వీధిలో, అనగా నేటి రఫీ అహమద్ కిద్వాయ్ రోడ్డులో, 'ఖలాసీటోలా' అను నాటుసారా అంగడి ఉన్నది. తెలుగు తీరమున 'కళాసి' యనునదే ఆ పేరులోని మాట. రేవు కూలీల ప్రక్కన బల్లలమీద కూర్చుండిన వారిలో కథకుడు కమలకుమార్ మజుందారు, కవి శక్తి చట్టోపాధ్యాయ ఉండేవారు. ఆధునిక బంగాళీ సాహిత్యములో కొంత చర్చ ఆ చెక్కబల్లల చుట్టును నడిచినది. మద్యము అంతకన్న మంచిది మరియొకచోట దొరుకును. ఆ సహవాసము దొరకదు.

ఈ మాటకు మరియొక సాక్ష్యము గోల్‌దీఘీ ప్రక్కనే ఉన్నది. 1876లో వెలసిన ఆల్బర్ట్ హాలులో 1942లో కాఫీ బోర్డువారు కాఫీశాల తెరచినారు. నష్టము వచ్చుచున్నదని 1958లో దానిని మూసివేయగా, అధ్యాపకులు ప్రభుత్వమునకు విన్నపము చేసికొని మరల తెరిపించినారు. నిర్వహణము పనివారి సహకార సంఘము చేతికి వచ్చినది. ఒక కప్పు కాఫీతో గంటలకొలది కూర్చుండనిచ్చే ఆ శాల మొదటి సరుకు ఏమాత్రము లేకుండ రెండవ సరుకును అమ్మి నేటికిని నిలిచియున్నది.

చోటు మాయమైనంతమాత్రమున మద్యము మాయము కాదు. 2011 డిసెంబరులో దక్షిణ 24 పరగణాల జిల్లా సంగ్రామ్‌పూర్ ప్రాంతమున కల్తీసారా త్రాగి 170 మందికి పైగా చనిపోయినారు. వారిలో హెచ్చుమంది రోజుకూలీలు. అనుమతి పొందిన అంగడి ధర అందని పేదవాడు చీకటిలోని బట్టీకి పోయి, విషమును కొనితెచ్చుకొన్నాడు. సీసా లెక్క తెలిసిన ప్రభుత్వమునకు ఆ చీకటి కనబడలేదు.

ఇటీవలి కాలము ఈ వ్యాపారమునకు పరీక్షాకాలము. జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల లోపల మద్యము అమ్మరాదని 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించినది. 2017లో టోకు వ్యాపారమును పశ్చిమ బంగాళ ప్రభుత్వమే తన సంస్థ ద్వారా చేపట్టినది. 2020లో మహమ్మారివలన మార్చిలో మూతపడిన పానశాలలు సెప్టెంబరు వరకు తెరచుకొనలేదు. ఇంటికి సీసా కొనిపోవు అలవాటు ఆ దినములలో బలపడినది. పానశాలకు పుట్టినిల్లయిన బ్రిటనులోనే 2000 నాటికి 60 వేలకు పైగా ఉన్న పబ్బులు తరువాతి కాలములో 50 వేలకు దిగువకు వచ్చినవి. అక్కడను చౌకగా అంగడిలో కొని ఇంటిలో త్రాగుటయే ఒక ముఖ్య కారణము. ఇంటిలో త్రాగువానిని చాలునని వారించే యజమాని లేడు, ప్రక్కబల్లవాడు లేడు. ఆ భారమంతయు ఇల్లాలిమీదను, పిల్లలమీదను పడుతుంది.

ఆశకు చోటిచ్చే మార్పు ఒకటి కలదు. మద్యము వడ్డించే శాలలలో స్త్రీలు ఉద్యోగము చేయరాదను పాత నిషేధమును పంజాబు చట్టము విషయములో 2007లో సుప్రీంకోర్టు కొట్టివేసినది. 2025 మార్చిలో పశ్చిమ బంగాళ శాసనసభ తన 1909 నాటి చట్టమునుండి అట్టి నిషేధమును తొలగించుటకు సవరణను ఆమోదించినది. స్త్రీ పనిచేయగల, స్త్రీ వచ్చి నిర్భయముగా కూర్చుండగల శాలకు నడవడి తప్పనిసరి అవుతుంది.

కలకత్తా పానశాలల భవిష్యత్తు పార్క్ స్ట్రీటు దీపములతో తేలదు. ఆ దీపములు ఆరినవి, మరల వెలిగినవి. ఖలాసీటోలా బల్లమీద కూర్చుండు కూలివానికి శుభ్రమైన గ్లాసు, కల్తీలేని సరుకు, తలమీద కప్పు, చాలునని చెప్పే మనిషి దొరుకునా అనునదే ప్రశ్న. 1790 మొదలు ప్రభుత్వము ఎన్ని గాలనులు అమ్ముడుపోయినవని అడుగుచు వచ్చినది. ఎవరు ఎక్కడ కూర్చుండి త్రాగినారు, ఏ స్థితిలో ఇల్లు చేరినారు అని అడిగిన దినమున ప్యారీచరణ్ సర్కారు కోరినదియు, ఖలాసీటోలా కవులు కోరినదియు ఒకేచోట కొంతవరకు నెరవేరగలవు.