స్కూటరు ప్లగ్గు కథ

ఉప్పల్ చౌరస్తా నుండి వరంగల్లు రోడ్డు తూర్పునకు సాగును. ఉత్తరమున నాచారం పారిశ్రామికవాడ. టూ-స్ట్రోక్ స్కూటర్ల కాలమున ఇక్కడి కార్ఖానాలకు పోయివచ్చిన వారికి టిఫిను డబ్బా ఎంతయో, ప్లగ్ పానాయు మారు ప్లగ్గును అంతే. మేమును అట్లే మోసితిమి.

1860లో పారిసున లెన్వార్ తన గ్యాసు యంత్రమును విద్యుత్ రవ్వతో మండించెను. 1902లో బాష్ సంస్థ ఇంజనీరు హోనోల్డ్ అధిక వోల్టేజి మాగ్నెటోతో ఆ రవ్వను నమ్మదగినదిగా చేసెను. మనకు చిరపరిచితమైనది మాత్రము, 1951లో బెంగుళూరున వెలసిన మైకో వారి ప్లగ్గు.

టూ-స్ట్రోక్ ఇంజనులో పెట్రోలుతోబాటు నూనెయు మండును. ఆ మసి ప్లగ్గు మొనపై పేరుకొని రవ్వను చంపును. పెట్రోలులోని సీసమును కొంత పేరుకొనెడిది. 2000 ఫిబ్రవరి 1 నుండి దేశమంతట సీసము లేని పెట్రోలే వచ్చినది.

మసితో విసిగి కొందరు 'వేడి' ప్లగ్గు బిగించెడివారు. చిక్కంతయు ఇక్కడనే. వేడి ప్లగ్గు తన వేడిమిని త్వరగా విడువదు; కనుక మసి కాలిపోవును, నిజమే. కాని అదే బండి ఇద్దరిని మోయుచు, ఎండలో ఘట్‌కేసర్ దాటి వేగముగా పోయినచో, మొన కణకణలాడి రవ్వ పుట్టకముందే ఇంధనమును అంటించును. పిస్టనుకే చిల్లు పడవచ్చును! కష్టించు ఇంజనునకు 'చల్లని' ప్లగ్గే తగినది. పేరు చూచి మోసపోరాదు.

విప్పిన ప్లగ్గు మొన లేత గోధుమ వన్నెలో నున్న క్షేమము. నల్లగా తడిసియున్న మసి; తెల్లబడి పొక్కులెక్కిన అతివేడిమి. ఇంజను చల్లారినపిదపనే విప్పి, క్రొత్తదానిని మొదట వ్రేళ్ళతోనే త్రిప్పి ఎక్కించవలెను. అల్యూమినియము హెడ్డులో మర చెడినచో ఆ ఖర్చు ప్లగ్గు వెలతో పోదు.