వాల్ట్ ఆఫ్ గ్లాస్

వాల్ట్ ఆఫ్ గ్లాస్: అమెరికాకు చెందిన బంగీ సంస్థ రూపొందించిన 'డెస్టినీ' అనే ఆన్‌లైన్ షూటర్ గేమ్‌లో ఆరుగురు ఆటగాళ్లు జట్టుగా ఆడి సాధించవలసిన సుదీర్ఘ ఘట్టం. ఇటువంటి ఘట్టాలకు 'రెయిడ్' అని పేరు. గేమ్ 2014 సెప్టెంబరు 9న విడుదలైన వారానికి, శుక్రగ్రహం నేపథ్యంగా ఇది ఆటగాళ్లకు అందుబాటులోకి వచ్చింది. అపరిచితులను గేమే జతచేసే 'మ్యాచ్‌మేకింగ్' సదుపాయం దీనికి లేకపోవడంతో జట్టును కూర్చుకోవడమే తొలి పరీక్ష అయింది. మొదటగా పూర్తిచేసిన జట్టుకు పది గంటలకు పైగా పట్టింది.

దీని క్లిష్టత గురి కన్నా మాట మీద ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. చివరి శత్రువైన ఏథియాన్ ముగ్గురిని ఉన్నట్టుండి మరో కాలానికి పంపివేయగా, బయట మిగిలినవారు వారి కోసం ద్వారం తెరవాలి. 2021లో కొన్ని మార్పులతో తిరిగి వచ్చిన రూపంలోనైతే లోపలివారు 'ఒరాకిల్' అనే కాంతిగోళాలను ఒక వరుసలో పగలగొట్టాలి గాని, ఆ వరుస బయటివారికే కనిపిస్తుంది కనుక వారు హెడ్‌సెట్‌లో దానిని బిగ్గరగా చెబుతూ ఉండాలి. ఒక్కరు తడబడినా జట్టంతా మొదటికి రావచ్చు. తొలిరోజుల్లో కొందరు గ్రెనేడ్లు విసిరి ఏథియాన్‌ను అంచు నుంచి కిందికి తోసివేసే అడ్డదారి కనిపెట్టగా, సంస్థ తరువాత ఆ లోపాన్ని సరిదిద్దింది. ఆ చాతుర్యం మోసమే అయినా ముచ్చటైనది. ఈ ఘట్టాన్ని కొన్ని మార్పులతో 2021 మే 22న 'డెస్టినీ 2'లో తిరిగి ప్రవేశపెట్టారు.